ఒకటో నంబరు ట్యూబు

మార్చి 4, మంగళవారం

మా ల్యాబ్‌ని తనిఖీ చేయడానికి ఆడిటర్ వచ్చి వెళ్లాడు. మనిషి మంచివాడే. గొంతు లేపలేదు, టీ ఇస్తే వద్దనలేదు. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకచోట కూర్చోలేదు. అలమరాలు తెరిచాడు, సింకు కిందకి వంగి చూశాడు, ఇంక్యుబేటర్ థర్మామీటర్ పక్కన తను తెచ్చుకున్న థర్మామీటర్ పెట్టి రెండూ కలుస్తాయా లేదా అని కాపలా కాశాడు. ల్యాబ్ నడిపే మేడమ్ ఆయన వెనకాలే తిరిగింది. ఆవిడని అంత భయంగా ఎప్పుడూ చూడలేదు.

భయం ఉండదా మరి. ఆవిడ వచ్చేనాటికి ఈ ల్యాబ్‌లో ఉన్నవి ఒక మైక్రోస్కోపు, ఒక పగిలిన సింకు, నేను. జ్వరం వచ్చిన మనిషి రక్తంలో ఏ క్రిమి ఉందో తెలియాలంటే రాజధానిలో ఉన్న పెద్ద ల్యాబ్‌కి పార్సిల్ కట్టి పంపాల్సిందే. జవాబు వచ్చేసరికి ఆ మనిషి లేచి పనికి పోయేవాడు, లేకపోతే అసలే పోయేవాడు. ఇప్పుడు మేమే పెంచి చూస్తున్నాం. ఏ మందుకు లొంగుతుందో మూడో రోజుకల్లా తెలిసిపోతుంది. తెలుస్తుంది గానీ, చెప్పే హక్కు లేదు. ఆడిటర్ సంతకం పెట్టేదాకా మా రిపోర్టు చిత్తుకాగితంతో సమానం.

అన్నీ బాగున్నాయన్నాడు. ఒక్కటి తప్ప. ఫ్రిజ్ రెండో అరలో వెనకగా పెట్టిన ట్యూబు బయటికి తీసి, "ఇదేంటండీ?" అని అడిగాడు.

"కంట్రోలు," అన్నాను. క్రిముల్ని పెంచే మీడియా అనే గుజ్జు కొత్తగా కాచినప్పుడల్లా అందులో అవి సరిగ్గా పెరుగుతాయో లేదో చూసుకోవాలి. అందుకు తెలిసిన క్రిమి ఒకటి చేతిలో ఉండాలి. మాకు ఇన్నాళ్లూ అదే దిక్కు.

"ఎక్కడిది?"

"ఇక్కడి పేషెంటుదే. మా దగ్గర పెరిగిన మొట్టమొదటిది. ఒకటో నంబరు."

"కొత్త ట్యూబులోకి ఎన్నిసార్లు మార్చారు?"

"ప్రతి సోమవారం మారుస్తానండీ. రెండేళ్లుగా."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అయిదుసార్లకి మించి మార్చకూడదు. మీకు తెలియంది కాదు. కొన్న కంట్రోళ్లు వచ్చేశాయి కదా, ఇంక ఇదెందుకు? ఆటోక్లేవ్ ఆవిరిలో వేసి చంపేయండి. చంపామని మేడమ్ చేత ఒక ముక్క రాయించి పంపండి, నేను సంతకం పెట్టేస్తాను."

అంతే పని. అరపూట కూడా పట్టదు.

మార్చి 5

వేయలేదు. ఆటోక్లేవ్ వాల్వు సరిగా లేదని ల్యాబ్‌లో గాజుసామాను కడిగే పెద్దమ్మతో చెప్పాను. అది కొంతవరకు నిజమే.

మార్చి 7

మొన్నటిదాకా రాసింది చదివితే నాకే నవ్వొచ్చింది. ఇక్కడి పేషెంటుదట. ఎవరి దగ్గర దాపరికం? ఈ పుస్తకం నేను తప్ప చదివే నాథుడు లేడు.

మా అమ్మాయిది. మా గడుగ్గాయిది.

నాలుగో తరగతి చదువుతోంది అప్పుడు. మామూలు జ్వరమే అనుకున్నాం. మాత్రలు వేశాం, తగ్గలేదు. ఆస్పత్రిలో చేర్చాం, మందు మార్చారు, తగ్గలేదు. దాని చెయ్యి నేనే పట్టుకుని రక్తం నేనే తీశాను. రెండు సీసాలు. ఒకటి పెద్ద ల్యాబ్‌కి పార్సిల్ చేశాం. రెండోది ఇక్కడే ఇంక్యుబేటర్‌లో పెట్టాను. అప్పటికి మాకు సరైన మీడియా కూడా లేదు. అయినా పెట్టాను, చేతులు ముడుచుకుని కూర్చోలేక.

రెండోది పెరిగింది. అది పెరిగిందని నేను చూసేసరికి పిల్ల లేదు. పెద్ద ల్యాబ్ రిపోర్టు ఆ తర్వాతెప్పుడో వచ్చింది: టైఫాయిడ్, మూడు మందులకు లొంగదు, ఫలానా ఇంజెక్షన్‌కి లొంగుతుంది. ఆ ఇంజెక్షన్ మా ఆస్పత్రి స్టోరులోనే ఉంది. ఇదంతా మా ఆవిడకీ తెలుసు. మేం ఆ సంగతి మాట్లాడుకోం.

తనకి తెలియనిది ట్యూబు ఒక్కటే. ఇంట్లో పిల్ల బట్టలు తను ఎవరికో ఇచ్చేసింది. పుస్తకాలు కట్ట కట్టి బడికి పంపింది. "కళ్లెదురుగా ఉంటే బతకలేను," అంది. నేను సరేనన్నాను. నాకు సరేననడం తేలికైంది ఎందుకంటే నా దగ్గర ఇంకొకటి ఉంది.

దాని ఒంట్లోంచి వచ్చి ఇంకా ప్రాణంతో ఉన్నది ఈ లోకంలో అదొక్కటే. రాస్తుంటే పిచ్చివాడి మాటల్లా ఉన్నాయి. ఉండనీ.

మార్చి 10

సోమవారం. మార్చాను. అలవాటు కొద్దీ. అంతకు మించి ఏం లేదు.

మార్చి 13

మేడమ్ పిలిచింది. తలుపు వేసి కూర్చోమంది. ఆవిడ తలుపు వేసిందంటే తిట్లన్నా ఉండాలి, మంచితనమన్నా ఉండాలి. నాకు తిట్లయితేనే నయం.

"ఇంకా చంపలేదట," అంది.

"వాల్వు..."

"వాల్వు సంగతి పెద్దమ్మ చెప్పింది. నిన్న అదే ఆటోక్లేవ్‌లో గాజుసామాను అంతా తీసిందట." ఆ ట్యూబు ఎవరిదో ఆవిడకి మొదటి నుంచీ తెలుసు. ఎప్పుడూ పైకి అనలేదు. "మీరేం చేద్దామనుకుంటున్నారో చెప్పండి."

కొత్తగా వచ్చిన డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుందామన్నాను. అందులో పెడితే వారం వారం మార్చక్కర్లేదు, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కంట్రోలుగా రిజిస్టర్‌లో రాసుకుంటే నియమానికీ సరిపోతుంది. నేను చాలా తెలివిగా, శాస్త్రం ప్రకారం మాట్లాడాను. నా గొంతు మాత్రం శాస్త్రం ప్రకారం లేదు.

"రిజిస్టర్‌లో ఎక్కించాలంటే అది ఏమిటో పెద్ద ల్యాబ్ ధ్రువీకరించాలి. పాత రిపోర్టుతో కలవాలి. మూడు వారాలైనా పడుతుంది. అప్పటిదాకా ఆడిటర్ సంతకం ఆగిపోతుంది. ఆలోచించారా?"

ఆలోచించానన్నాను. అబద్ధం.

"పంపండి. ఒక్కసారే. కలవలేదంటే మళ్లీ ఈ మాట ఎత్తకూడదు. సరేనా?"

ఆవిడ నాకంటే పదేళ్లు చిన్నది. లేచి వచ్చేటప్పుడు పెద్ద టీచరు దగ్గర సెలవడిగిన పిల్లాడిలా దండం పెట్టి వచ్చాను.

మార్చి 17

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

ట్యూబుని పద్ధతి ప్రకారం మూడు పొరల్లో కట్టాను. ట్యూబు చుట్టూ దూది, దాని మీద మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా, ఆ పైన అట్టపెట్టె. ఇంకో ట్యూబులో కొంచెం ఇక్కడే ఉంచుకున్నాను, పార్సిల్ పోతే ఎలా అని. పోస్టాఫీసులో పార్సిళ్ల కౌంటర్ దగ్గర కూర్చునేది మా ఆవిడే. ఊళ్లో వేరే పోస్టాఫీసు లేదు. తను భోజనానికి వెళ్లే వేళ చూసుకుని వెళ్దామనుకున్నాను. వెళ్లేసరికి తనే ఉంది. ఇవాళ పక్క కౌంటర్ అమ్మాయి రాలేదట.

వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. తను పెట్టెను తక్కెడ మీద పెట్టింది. నా వంక చూడకుండానే అందరినీ అడిగే ప్రశ్న అడిగింది.

"లోపల ఏముంది?"

"శాంపిల్."

"అంటే? క్రిములున్నదా, ఉత్త రక్తమా? దానికి వేరే స్టిక్కర్ వేయాలి, మీకు తెలుసుగా."

"క్రిమి."

"దేనిది?"

"కంట్రోలు ట్యూబు. ఒకటో నంబరు."

చెయ్యి ఆగింది. మా ల్యాబ్ పార్సిళ్లన్నీ తన చేతి మీదుగా వెళ్లేవే. ఏ శాంపిల్‌కి ఏ నంబరో చూసి చూసి తనకి నోటికి వచ్చు. ఒకటో నంబరు పార్సిల్ ఒక్కసారే వెళ్లింది. ఆ రోజు కూడా తూచింది తనే.

"ఎవరిది?" అంది.

నా వెనకాల ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన వెనక ఇంకా నలుగురైదుగురున్నారు. ఇంటికొచ్చాక చెప్తాను అనొచ్చు. ఎందుకనలేదో తెలియదు.

"మన పిల్లది," అన్నాను.

తను స్టిక్కర్ తీసింది. అంటించింది. బొటనవేలితో నాలుగు మూలలా అదిమింది. ముద్ర కొట్టింది. రసీదు చింపి ఇచ్చింది. "తర్వాతెవరండీ," అంది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపలి నుంచి ముద్ర కొడుతున్న చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

మార్చి 18

మాట్లాడలేదు. అన్నం పెట్టింది.

మార్చి 19

మాట్లాడలేదు.

మార్చి 21

మాట్లాడింది.

నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గరిటె. "ఎన్నాళ్లుగా?" అంది.

"మొదటి నుంచీ."

"ఏం చేస్తారు దాన్ని?"

చెప్పాను. వారానికోసారి వైరు లూపుతో కొంచెం తీసి కొత్త మీడియా మీద గీస్తానని. ఒక పూట వెచ్చగా ఉంచితే పెరుగుతుందని, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెడతానని. కరెంటు పోయినప్పుడు ఇంక్యుబేటర్ చల్లబడకుండా వేడినీళ్ల సీసాలు పెడతానని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో. మెచ్చుకుంటుందనుకున్నానేమో, వెధవని.

"అంటే తిండి పెట్టావు," అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో తను నన్ను నువ్వు అనడం అదే మొదలు. "నా పిల్లని తిన్నదానికి రెండేళ్లు తిండి పెట్టావు."

"అది దాని రక్తంలోంచి వచ్చిందే కదా..."

"రక్తంలోంచి వచ్చిందా? రక్తం తాగి వచ్చిందా?"

స్టవ్ మీద ఏదో మాడుతోంది. ఇద్దరం అటు వెళ్లలేదు.

"దాని గౌన్లు ఇచ్చేశాను. ఒక్కటి కూడా ఉంచుకోలేదు. పడుకున్న పక్కబట్ట ఉతికేశాను, వాసన పోయేదాకా. కళ్లు మూసుకుంటే ముఖం కూడా సరిగ్గా రావట్లేదు నాకు. నువ్వేమో సోమవారం సోమవారం వెళ్లి చూసుకుంటున్నావు. నీకొక చోటుంది వెళ్లడానికి. నాకేముంది?"

అప్పుడు ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్లబోతే గరిటె అడ్డం పెట్టింది. నిజంగానే కొట్టేదేమో. కొడితే బాగుండేది.

మార్చి 22

ఒక మాట గుర్తొచ్చింది. బడిలో టీచరు అమ్మానాన్నల పనేమిటని అడిగితే, మా గడుగ్గాయి లేచి, "మా నాన్న క్రిముల్ని పెంచుతాడు, మా అమ్మ వాటిని పోస్టు చేస్తుంది," అందట. టీచరు కబురు పెట్టి మమ్మల్ని పిలిపించింది, ఇంట్లో ఏం జరుగుతోందోనని.

మా ఆవిడకి చెప్పి నవ్విద్దామనుకున్నాను. చెప్పలేదు.

మార్చి 26

బుధవారం బుధవారం నేను చుట్టుపక్కల క్లినిక్‌లన్నిటికీ ఫోన్ చేస్తాను. ఈ వారం ఎన్ని జ్వరాలు, ఎన్ని విరేచనాలు, ఎన్ని దద్దుర్లు. మొదట్లో అందరూ సున్నా అనేవారు. రోగాలు లేక కాదు, ఉన్నాయంటే పై నుంచి ఎవరైనా వచ్చి ప్రాణం తీస్తారని. సున్నా చెప్పినవాళ్లని మేడమ్ తిట్టలేదు. ఉన్నాయని చెప్పినవాళ్లకే ముందు మందులు పంపేది. మెల్లగా నిజాలు రావడం మొదలైంది.

ఈ రోజు రాళ్ల క్వారీ పక్కనున్న క్లినిక్ నర్సు నేను అడక్కముందే చెప్పింది. "అన్నా, ఈ వారం జ్వరాలు బాగా ఎక్కువున్నాయి. అందరూ పిల్లలే. మాత్రలకి తగ్గట్లేదు. రక్తాలు తీసి పంపుతున్నాను. మందు వేయకముందే తీశాను, మీరు నేర్పినట్టే."

శాంపిళ్లు సాయంత్రానికి వచ్చాయి. సీసాలన్నీ శుభ్రంగా మూతలు బిగించి, పేర్లు వయసులు రాసి ఉన్నాయి. నేర్పినప్పుడు ఆ నర్సు వెనక బెంచీలో కునికిపాట్లు పడిందని నాకు బాగా గుర్తు. వినే ఉంది.

మార్చి 29

నాలుగింటిలో పెరిగింది. టైఫాయిడ్. మూడు మందులకు లొంగట్లేదు. ఇంజెక్షన్‌కి లొంగుతోంది. మూడో రోజుకి తెలిసింది, మేం కలగన్నట్టే.

మేడమ్ క్రిములు పెరిగిన ప్లేటు చేత్తో పట్టుకునే వార్డుకి పరిగెత్తింది. నేనూ వెనకాలే. ఆ నలుగురిలో ఒక క్వారీ పిల్లాడు నిన్న రాత్రి వచ్చి చేరాడు. తండ్రి ఒంటి నిండా ఇంకా రాతిపొడి ఉంది, వాడి కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. వార్డు డాక్టరు ప్లేటు చూశాడు, నమ్మాడు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"నాకు నమ్మకమే మేడమ్. స్టోరు నమ్మాలి కదా. ఆ ఇంజెక్షన్ చెల్లే రిపోర్టు మీద తప్ప బయటికి రాదు. లేకపోతే అందరూ అన్నిటికీ అదే వాడేసి దాన్నీ పాడుచేస్తారని నియమం పెట్టింది మీరే."

నిజమే, మేడమే పెట్టింది.

"మీకు అనుమతి ఎప్పుడొస్తుంది?" అన్నాడు.

మేడమ్ నా వంక చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో పక్కనే ఉన్న నాకు తెలుసు. "ఒక చిన్న పని మిగిలింది," అంది.

పిల్లాడిని అంబులెన్స్‌లో రాజధానికి పంపారు. ఆరు గంటల దారి. తండ్రి ఎక్కబోతూ నా దగ్గరికి వచ్చాడు. తెల్లకోటు చూసి డాక్టరనుకున్నట్టున్నాడు. "ఏం కాదు కదా సారూ," అన్నాడు.

ఏం కాదన్నాను.

మార్చి 30

ట్యూబు చంపి ఉంటే సంతకం ఎప్పుడో వచ్చేది. పిల్లాడు ఆరు గంటలు ఆ బండిలో ఊగాల్సిన పని ఉండేది కాదు. ఇది నాకు తెలియకుండా లేదు. ఫ్రిజ్ తలుపు తీసి, మూసి, వచ్చేశాను. ఒక్క వారం ఆగితే పెద్ద ల్యాబ్ నుంచి మాట వస్తుంది కదా.

ఏప్రిల్ 2

మా ఆవిడ మళ్లీ మీరు అంటోంది. అది మంచికో చెడుకో తెలియట్లేదు.

ఏప్రిల్ 4

క్వారీ నర్సు ఫోన్ చేసింది. పిల్లాడు బతికాడట. రాజధానిలో మా మాట విని అదే ఇంజెక్షన్ ఇచ్చారట, లేచి కూర్చుని అన్నం అడుగుతున్నాడట. తండ్రి ఏడుస్తూ ఫోన్ చేశాడని చెప్పింది.

సంతోషించాల్సింది పోయి ముందు నా కడుపు మండింది. వీడికి దొరికింది, మా పిల్లకెందుకు దొరకలేదని. ఒక్క క్షణమే. ఆ తర్వాత సంతోషించాను. కానీ ముందు వచ్చింది మాత్రం అదే, రాసిపెడుతున్నాను.

వాడి చెల్లెలికి కూడా ఒళ్లు వెచ్చబడిందట. జ్వరం నిలబడితే రక్తం తీసి పంపుతానంది.

ఏప్రిల్ 7

పెద్ద ల్యాబ్ ఆవిడ స్వయంగా ఫోన్ చేసింది. పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది.

"మీరు పంపింది టైఫాయిడ్ క్రిమేనండీ. అందులో సందేహం లేదు. కానీ మీ పాత రిపోర్టుతో కలవట్లేదు. అప్పుడు మూడు మందులకు లొంగలేదని మేమే రాశాం. ఇప్పుడు అన్నిటికీ లొంగుతోంది."

"వేరేదేమైనా కలిసిందా?"

"కలవలేదు. ఇది అదే. మారిందంతే. మీరు మందులేమీ లేకుండా కమ్మగా పెంచారు కదా, వారం వారం. పోట్లాడాల్సిన అవసరం లేనప్పుడు మందుని తట్టుకునే ఆ గుణం మోసుకు తిరగడం వాటికి బరువు. తరం మారేకొద్దీ వదిలేసుకుంటాయి. అందుకే అయిదుసార్లకి మించొద్దంటాం. కంట్రోలుకి పనికిరాదండీ. అదే పేషెంటుది ఇంకేదైనా దాచి ఉంటే పంపండి, చూస్తాను."

"ఇంకేం లేదండీ," అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ప్లేట్లు సర్దాను. సర్దినవే మళ్లీ సర్దాను. దానికి ఏ లోటూ రానివ్వలేదు నేను. ఒంట్లో బాగాలేని రోజున కూడా వచ్చి మార్చి వెళ్లాను. వానల్లో రెండు రోజులు కరెంటు లేనప్పుడు ఇంక్యుబేటర్ మీద నా స్వెటర్ కప్పి, పక్కనే కుర్చీలో పడుకున్నాను. నేను అంత బాగా చూసుకున్నందుకే అది దానిలా లేకుండా పోయింది. ఏ సోమవారం పోయిందో కూడా తెలియదు. తెలియకుండానే ఎన్ని సోమవారాలు వెళ్లి చూసుకున్నానో.

మేడమ్‌కి చెప్పాను. సరే అంది.

ఏప్రిల్ 8

మా ఆవిడకి చెప్పాను. గురువారం చంపేస్తామని మాత్రమే. బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టడం అయిపోయాక, "ఎన్నింటికి?" అంది.

"ఎందుకు?"

"ఎన్నింటికో చెప్పండి."

ఏప్రిల్ 10

భోజనం వేళకి వచ్చింది. పోస్టాఫీసు బ్యాగు భుజాన ఉంది. ఈ ల్యాబ్‌లో తను అడుగుపెట్టడం రెండేళ్ల తర్వాత ఇదే. పెద్దమ్మ స్టూలు తుడిచి వేసి, "కూర్చో తల్లీ," అంది. మేడమ్‌కి ఎక్కడో మీటింగ్ గుర్తొచ్చింది. ఆ వేళలో ఏ మీటింగూ ఉండదు.

గ్లవ్స్ ఇచ్చాను. తొడుక్కోవడం రాక వేళ్లు మెలిపడ్డాయి. నేను సరిచేశాను. ఇన్నాళ్లకి తన చెయ్యి పట్టుకున్నాను, రబ్బరు మీదనుంచే అయినా.

ట్యూబు తీసి ఇచ్చాను. కిటికీ వైపు ఎత్తి చూసింది. ఏటవాలుగా గడ్డకట్టిన మీడియా, దాని మీద పలచటి పొర. చూడటానికి ఏమీ ఉండదు, తెలియనివాళ్లకి మురికిలా ఉంటుంది.

"ఇదేనా?"

"ఇదే."

"పెద్ద ల్యాబ్ వాళ్లు ఏమన్నారు?"

అప్పటిదాకా చెప్పలేదు. చెప్పాను. మారిపోయిందని, అప్పటిలా లేదని, ఇప్పుడు మామూలు మందులన్నిటికీ లొంగుతుందని.

"మొదట వేశామే, ఆ మాత్రలక్కూడానా?"

"ఆ మాత్రలక్కూడా."

తను ట్యూబు కిందికి దించి ఒళ్లో పెట్టుకుంది. పెద్దమ్మ ఆటోక్లేవ్‌లో నీళ్లు పోయడం ఆపేసింది.

"ఇప్పుడా లొంగేది," అంది. నాతో కాదు, పెద్దమ్మతో కాదు. ఒళ్లోకి చూస్తూ అంది. పిల్ల పొద్దుపోయాక ఇల్లు చేరినప్పుడు తను ఆ గొంతుతోనే అనేది, కొట్టలేక, ఊరుకోలేక. "రెండేళ్లు ఆగి ఇప్పుడా?"

ఆ తర్వాత తనే లేచి ట్యూబుని స్టీలు బుట్టలో పెట్టింది. మిగతా ట్యూబులు, పాత ప్లేట్లు కూడా అందులోనే ఉన్నాయి. దీనికొక్కదానికీ విడిగా వేయడానికి పెద్దమ్మ ఒప్పుకుంది గానీ మా ఆవిడ వద్దంది. "ఒక్కతే ఎందుకు," అంది.

మూత బిగించాం. ఆవిరి పట్టి ముల్లు పైకి లేచేదాకా ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. మధ్యలో పెద్దమ్మ తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది, మా ఆవిడ ఊ కొట్టింది. క్వారీ పిల్లాడి చెల్లెలి రక్తం మొన్న వచ్చింది, దాని ప్లేటు ఇంక్యుబేటర్‌లో ఉంది. మేడమ్ ఆడిటర్‌కి రాయాల్సిన ముక్క పొద్దున్నే రాసి నా బల్ల మీద పెట్టింది. ఈ పని పూర్తయితే పంపడమే. ఆ పిల్ల రిపోర్టు బహుశా మా సంతకంతోనే వెళ్తుంది. ఆ సంగతి మా ఆవిడకి చెప్పాను. "ఎంత వయసు?" అని అడిగింది. ఏడని చెప్పాను. తల ఊపింది.

ఆవిరి వదిలి, చల్లారాక మూత తీశాం. మీడియా కరిగి నీళ్లలా అయిపోయింది. పొర లేదు, ఏమీ లేదు. నేను అన్నిటినీ ఒంపేశాను. గాజు ట్యూబులు మేం పారేయం, కడిగి మళ్లీ వాడతాం. కొనే స్తోమత ఇంకా రాలేదు. పెద్దమ్మ చేతులు చాచింది. మా ఆవిడ, "నేను కడుగుతాను," అని సింకు దగ్గరికి నడిచింది.

సబ్బునీళ్లు పట్టి, సన్న బ్రష్షు లోపలికి పెట్టి తిప్పింది. అంచు చుట్టూ వేలితో రుద్దింది. కడిగి ఎత్తి చూసి, మళ్లీ కడిగింది. "ఇంక చాలమ్మా, మెరుస్తోంది," అంది పెద్దమ్మ. అయినా ఇంకోసారి కడిగింది. ఆ తర్వాత దాన్ని పక్కన బోర్లించి, బుట్టలో మిగిలిన ట్యూబులన్నీ కూడా తనే కడిగింది. ఒక్కొక్కటీ అంతే శ్రద్ధగా. భోజనం వేళ అయిపోవచ్చింది. గబగబా అన్నీ ఆరబెట్టే స్టాండులో గుచ్చి, చేతులు తుడుచుకుని, బ్యాగు భుజాన వేసుకుంది.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"అందులో ఏది?" అంది.

నేను స్టాండు వంక చూశాను. అన్నీ ఒకేలాంటి గాజు. అన్నిటి అంచులకీ నీటిచుక్కలు వేలాడుతున్నాయి. చీటీ ఆవిరికే ఊడిపోయి ఉంటుంది.

"తెలియట్లేదు," అన్నాను.

"నాకూ తెలియట్లేదు."

తను స్టాండు దగ్గరికి వచ్చింది. ఈ కొసన మొదలుపెట్టి ఆ కొసదాకా, ఏ ఒక్కదాన్నీ వదలకుండా, ఒక్కో ట్యూబునీ వేలి కొసతో తాకింది. ఆ తర్వాత ఆఫీసుకి వెళ్లిపోయింది.

తను వెళ్లాక నేనూ అలాగే చేశాను.